ఫారంలో పట్టని మనిషి

మేడ్చల్

చిరంజీవి చిట్టితల్లికి,

నువ్వు పంపిన పొడుగాటి మెసేజ్ చదివాను. ఫోన్‌లో జవాబిస్తే రెండు ముక్కల్లో తేలిపోతుందని కాగితం, కలం పట్టుకున్నాను. సర్వీస్ డిజైన్ స్టూడియోలో మీ జట్టు శామీర్‌పేట వైపు ఒక సర్కారు దవాఖానను ఎంచుకుందని, ఓపీ చీటీ దగ్గరి నుంచి మందుల కిటికీ దాకా జరిగే పనంతా కొత్తగా రూపొందించి సెమిస్టర్ చివర జ్యూరీకి చూపించాలని రాశావు. గోడ నిండా రంగు చీటీలు అంటించిన ఫోటో చూశాను. మీరు పడ్డ కష్టం అందులో తెలుస్తోంది. కానీ అందులో లేని మనిషి ఒకరున్నారు. వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

మీ బొమ్మలో ఒకాయన పొద్దున్నే వస్తాడు. ఆధార్ చూపిస్తాడు, ఫోన్ నంబరు చెబుతాడు, చీటీ తీసుకుంటాడు, డాక్టరుకు చూపించుకుంటాడు, మందులు పట్టుకుని ఇంటికి పోతాడు. అన్నీ అమరిన మనిషి. ఆయనకు ఇప్పుడున్న పద్ధతిలోనూ కాస్త ఆలస్యం తప్ప పెద్ద ఇబ్బంది లేదు బిడ్డా. మీరు ఎంత శ్రమపడినా ఆయనకు మిగిలేది అరగంట. ఫారంలో పట్టని మనిషికైతే మొత్తం వైద్యమే దక్కుతుంది.

నేను ఒక సర్కారు ఆఫీసులో సర్టిఫికెట్ల కౌంటర్ దగ్గర పనిచేసేదాన్నని నీకు తెలుసు. ఒకరోజు ఒకమ్మాయి దరఖాస్తు రాస్తూ 'తండ్రి లేక భర్త పేరు' అన్నచోట ఆగిపోయింది. అమ్మమ్మ పెంచిన పిల్ల. తండ్రి ఎవరో తెలియదు, పెళ్లి కాలేదు. వెనక లైను పెరుగుతోంది. ఆ పిల్ల కలం మూత తీస్తుంది, పెడుతుంది. అడగడానికి సిగ్గు, వెనక్కి పోతే కాలేజీలో సీటు పోతుందన్న భయం. ఆ గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ దరఖాస్తును ముందుకు కదలనివ్వదు. పక్క సీటులోని సీనియర్ ఆమెను పక్కన కూర్చోబెట్టి, పై అధికారితో మాట్లాడి, ఒక తెల్లకాగితం మీద వాంగ్మూలం రాయించి పని నడిపించాడు. ఆ దారి ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు, ఆయన బుర్రలోనే ఉంది. ఆయన సెలవు పెట్టిన రోజున అలాంటి పిల్ల వస్తే ఏమయ్యేదో ఆలోచించు. మీ చదువు మొదలవ్వాల్సింది అక్కడి నుంచే అని నా నమ్మకం.

మీ జట్టు బస్సులో తిరిగే ఈ జిల్లాలోనే ఇందుకు రెండు పెద్ద పాఠాలున్నాయి. దేవరయాంజాల్ దగ్గర మేడ్చల్ రోడ్డు మీద 108 అంబులెన్సులను నడిపే ఈఎంఆర్ఐ క్యాంపస్ చూసే ఉంటావు. ఆ సేవ హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది, తరువాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. బండ్లు చాలామందే కొంటారు. దాని గొప్పతనం, ఫోన్ చేసేవాడు ఎలాంటి స్థితిలో ఉంటాడో ముందే ఊహించుకోవడంలో ఉంది. అతను వణికిపోతుంటాడు. తానున్నది ఏ రోడ్డో తెలియదు, చేతిలో పైసా ఉండదు, ఒక్కోసారి పడిపోయిన మనిషి పేరు కూడా తెలియదు. అందుకే గుర్తుపెట్టుకోవడానికి మూడంకెల నంబరు ఒక్కటే. డబ్బు మాటే లేదు. అడ్రసు చెప్పలేకపోతే మండలం, ఊరు, పక్కన గుడి ఉందా, బడి ఉందా, పెట్రోలు బంకు ఉందా అని అడిగి చోటు పట్టుకుంటారు. ఫోన్ ఎత్తేవాళ్లు ఒకరు, బండిని పంపేవాళ్లు ఒకరు. బండిలో టెక్నీషియన్, పైలట్ అని పిలిచే డ్రైవరు ఉంటారు. టెక్నీషియన్‌కు సందేహం వస్తే ఫోన్‌లో సలహా చెప్పే డాక్టరు వేరే ఉంటారు. రోగిని ఆసుపత్రిలో చేర్చాక 48 గంటలకు మళ్లీ కనుక్కునే ఏర్పాటు కూడా పెట్టుకున్నారు. ఏమీ తెలియనివాడినీ, ఏమీ లేనివాడినీ మామూలు మనిషిగా లెక్కేసి కట్టిన సేవ అది.

రెండోది శామీర్‌పేట అవతల మూడుచింతలపల్లి. 2020 అక్టోబరు 29న భూమి రికార్డుల ధరణి పోర్టల్‌ను ప్రారంభించింది అక్కడే. దాని మంచిని కాదనకూడదు. తహసీల్దార్ దగ్గర స్లాట్ బుక్ చేసుకుంటే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూట అయిపోయేవి. అంతకు ముందు మ్యుటేషన్ కోసం నెలల తరబడి తిరిగిన రైతుకు అది చిన్న సంగతి కాదు. రికార్డు సరిగ్గా ఉన్నవాడికి అంతకన్నా సులువైన పని లేదు. చిక్కంతా రికార్డులో తప్పు పడ్డవాడితోనే. విస్తీర్ణం పది గుంటలు తక్కువ పడింది, పేరులో అక్షరం మారింది, పట్టా భూమి నిషేధిత జాబితాలోకి పోయింది. వీటిని దిద్దుకునే దారి మొదట్లో అందులో లేదు. రైతులకు వినబడిన మాట ఒక్కటే, ఆప్షన్ లేదు. ధరణికి కొద్ది వారాల ముందే ఊళ్లలో భూమి రికార్డులు చూసే వీఆర్వోల వ్యవస్థను రద్దు చేశారు. వాళ్ల మీద అవినీతి ఆరోపణలు ఎన్నో ఉన్నాయి, నిజమే. కానీ ఏ సర్వే నంబరులో ఎవరి సాగు ఉందో తెలిసిన మనిషి కూడా వాళ్లతోనే పోయాడు. ఆ తరువాత ఒక్కో రకం తప్పుకు ఒక్కో మాడ్యూల్ చేర్చుకుంటూ పోతే అవి ముప్పై దాటాయి. ఏ కష్టానికి ఏ మాడ్యూలో తెలియక రైతు మీసేవ కేంద్రంలో డబ్బు కట్టి దరఖాస్తు పెడితే, తప్పు మాడ్యూల్ అని తిరస్కరణ వచ్చేది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. మాడ్యూళ్లు ఆరుకు తగ్గాయి, అప్పీలుకు దారి పెట్టారు, ఊళ్లలో మళ్లీ గ్రామ పాలనాధికారులను నియమించారు. పార్టీల వాదనలు ఎలా ఉన్నా మీ స్టూడియో ఇందులో నేర్చుకోవాల్సింది ఒకటుంది. తప్పు జరిగితే ఏం చేయాలో మొదటి రోజు బొమ్మలో గీయకపోతే, దాన్ని తరువాత జనం తమ చెప్పులు అరగదీసుకుని గీయాల్సి వస్తుంది.

ఒక సేవలోని అడుగులన్నీ గీసి చూపే సర్వీస్ బ్లూప్రింట్ గురించి మీ సార్లు చెప్పే ఉంటారు. బ్యాంకింగ్ రంగంలో పనిచేసిన లిన్ షోస్టాక్ అనే ఆవిడ 1984లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దాన్ని వివరించడానికి వీధి మూల బూటు పాలిష్‌ను ఉదాహరణగా తీసుకుంది. దుమ్ము దులపడం, పాలిష్ రాయడం, మెరుగు పెట్టడం, డబ్బు తీసుకోవడం. ఆ చిన్న బొమ్మలో కూడా తప్పు రంగు పాలిష్ రాస్తే ఏం చేయాలో, దాన్ని తుడవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూపించింది. బూటు పాలిష్‌కే అంత జాగ్రత్త తీసుకుంటే దవాఖానకు ఎంత కావాలి! జర్మనీలోని కొలోన్ డిజైన్ స్కూలు సర్వీస్ డిజైన్‌ను 1990ల మొదట్లోనే చదువుగా మార్చింది. మన దగ్గర ఇది కొత్త సంగతిలా వినబడుతుందేమో గానీ, కరెంటు బిల్లు, నీటి బిల్లు ఒకే కౌంటర్‌లో కట్టించుకున్న ఈసేవ 2001లోనే హైదరాబాద్‌లో నడిచింది.

ఇక మీ దవాఖాన సంగతి. ఓపీ తెరిచే ముందే వెళ్లి బెంచీ మీద కూర్చోండి. ఎవరు చీటీ తీసుకున్నారో రాసుకోవడం తేలిక, చీటీ తీసుకోకుండా ఎవరు వెనుదిరిగారో చూడండి. మేడ్చల్ ఫ్యాక్టరీలకు, జీనోమ్ వ్యాలీ చుట్టుపక్కల కట్టడాలకు, ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన కుటుంబాలుంటాయి. ఫోన్ నంబరు అడిగితే మేస్త్రీ నంబరు చెబుతారు. ఓటీపీ మేస్త్రీకి పోతుంది, ఆయనేమో ఎక్కడో సైటు మీద ఉంటాడు. చీటీ మీది తెలుగు చదవలేరు, ఇంగ్లీషూ చదవలేరు. నంబరు పిలిస్తే వినబడని ముసలాయన ఉంటాడు. మనవడితో ఫోన్ పట్టించుకుని వచ్చే అవ్వ ఉంటుంది. మనవడు బడికి పోయిన రోజు ఆమెకు జ్వరం వచ్చినా రాదు. ఆమెను దవాఖాన దగ్గర చూడలేవు, ఆశా కార్యకర్త వెంట ఇళ్లకు వెళ్తేనే చూస్తావు. ఆశా కార్యకర్త ఒక్కరోజు మీతో మాట్లాడితే గోడ మీది చీటీలు సగం మారిపోతాయి.

చీటీలు రాసే కౌంటర్ దగ్గర రిజిస్టర్ చివరి పేజీలు చూపించమని అడుగు. పద్ధతిలో పట్టనివన్నీ పెన్సిల్‌తో అక్కడే రాసి పెట్టుకుంటారు. 'పేరు లేదు, రేపు వస్తది', 'ఆధార్ ఊర్ల ఉంది', 'అన్న నంబరు' లాంటి రాతలు. నేనూ అలాగే రాసుకునేదాన్ని. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు ముందు మాయమయ్యేవి ఆ పేజీలే. వాటిని రాసినవాళ్లను మీ జట్టులో మనుషులుగా చూసుకోండి. అన్నట్టు, మెడికల్ ఆఫీసర్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, రోగుల ఫోటోలు మాత్రం తీయొద్దు. రేపో మాపో మారుస్తామని ఎవరికీ మాటివ్వొద్దు. చదువు కోసం వచ్చామని నిజం చెప్తే వాళ్లు అర్థం చేసుకుంటారు.

యాప్ గీయడానికి ముందు స్టూడియోలో బల్లలు జరిపి దవాఖాన కట్టుకోండి. ఒకరు కౌంటర్, ఒకరు నర్సు, ఒకరు తెలుగు రాని కూలీ. ఆ కూలీ ఎక్కడ ఆగిపోతే అక్కడ మీ పని ఉంది. తరువాత అట్టముక్కల మీద రాసిన టోకెన్లతో, బొమ్మల బోర్డుతో అసలు చోట ఒక పూట నడిపి చూడండి. జ్యూరీలో శుభ్రమైన బొమ్మలకే మెప్పు వస్తుందని భయపడి ఆగిపోయిన చోట్లను చెరిపేయొద్దు. వాటిని ఎర్ర చీటీలతో పైనే పెట్టండి. మంచి గురువు ముందు చూసేది వాటినే.

ఈ చదువుకు ఉద్యోగాలేవని మీ అమ్మ దిగులు పడుతోంది. ఆసుపత్రులకు, బ్యాంకులకు, రవాణా సంస్థలకు, ప్రభుత్వాలకు ఇలా చూడగల మనుషులు కావాలి. ఆ సంగతి నేను ఆమెతో మాట్లాడతాను, నువ్వు పని మీద మనసు పెట్టు.

జ్యూరీకి వారం ముందు మీ బొమ్మను దవాఖానలో చీటీలు రాసే అమ్మాయికి చూపించి, ఏ గడి తప్పో ఆమెతోనే కొట్టేయించు. ఆమె ఏమేం కొట్టేసిందో నాకు వివరంగా రాయి.

ఇట్లు
మీ పెద్దమ్మ