గడప లోపలి దూరం

సార్వా పంటకు కాలువ నిండుగా నీరు వదిలినప్పటికీ చివరి ఆయకట్టు ఎండిపోవడం కృష్ణా, గోదావరి డెల్టాల రైతాంగానికి అనుభవంలో ఉన్న విషయమే. లోపం జలాశయంలో ఉండదు. తూము దగ్గరో, పూడుకుపోయిన పిల్లకాలువ దగ్గరో ఉంటుంది. నేటి గృహాలలో అంతర్జాలం స్థితి కూడా ఇటువంటిదే. సెకనుకు 500 మెగాబిట్ల వేగానికి నెలనెలా రుసుము చెల్లించే ఇంటిలో, ఇంజనీరింగు ప్రవేశాలకు ఆఖరి రోజున వెబ్ ఆప్షన్లు నమోదు చేసుకుంటున్న విద్యార్థి ముందు తెర కదలదు. తండ్రి ఆందోళనతో ఫోను చేస్తాడు. వచ్చిన ఉద్యోగి వీధిగదిలో పరీక్షించి, వేగం సక్రమంగానే ఉన్నదని చెప్పి వెళ్లిపోతాడు. వెనుక గదిలోని విద్యార్థి చెప్పిందీ నిజమే, ఉద్యోగి చెప్పిందీ నిజమే. ఈ రెండు నిజాల నడుమ ఉన్న యంత్రమే రౌటరు.

ఇంటి వరకు వచ్చే కాంతితంతువు వెంట్రుకంత సన్నని గాజుపోగు. దానిలో ప్రవేశించిన కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ, బయటికి పోకుండా ప్రయాణిస్తుంది. గాజులోని మలినాలను తొలగించగలిగితే కాంతి ద్వారా సుదూరాలకు వార్తలు పంపవచ్చునని 1966లో ప్రతిపాదించిన చార్లెస్ కావోకు 2009లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ స్తంభాల మీదుగా తంతువులు లాగి ఏర్పరచిన ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఆ ఏడాదే హైదరాబాదు గృహాలకు సెకనుకు ఒక గిగాబిట్ వేగం అందుబాటులోకి వచ్చింది. ఇన్ని కిలోమీటర్లు కాంతిరూపంలో నడిచి వచ్చిన సమాచారం గడప వద్ద విద్యుత్ సంకేతంగా మారి, అక్కడినుండి రేడియో తరంగాలుగా గదులలోకి వ్యాపిస్తుంది. ఆ మిగిలిన పది గజాల దూరమే కష్టతరమైనది.

రౌటరు అనే ఆంగ్ల పదానికి దారి చూపేది అని అర్థం. అది వచ్చే పెట్టె మీది అంకెలు మాత్రం తరచు దారి తప్పిస్తాయి. ‘ఏసీ 1200’ అనే ముద్రను గమనించాలి. 2.4 గిగాహెర్ట్‌జ్ పౌనఃపున్యం మీద 300 మెగాబిట్లు, 5 గిగాహెర్ట్‌జ్ మీద 867 మెగాబిట్లు. ఈ రెండింటినీ కూడి, పైకి సవరించి 1200 అని అచ్చువేస్తారు. సాధారణంగా ఫోను ఒక సమయంలో ఒక పౌనఃపున్యాన్నే వాడుకుంటుంది. రెండు ఎడ్లబండ్ల వేగాలను కూడి, అదే ఒక బండి వేగమని చెప్పడం వంటిది ఈ లెక్క. పైగా అవి సిద్ధాంతరీత్యా గరిష్ఠ సంఖ్యలు. ఆచరణలో సమీపాన సగమో, అంతకు కొంత ఎక్కువో దక్కుతుంది. దూరం పెరిగేకొద్దీ అదీ తరుగుతుంది.

అంతకంటె పెద్ద మోసం పెట్టె వెనుక ఉంటుంది. చవక రౌటర్లలో అనేకం ‘1200’ బిరుదు ధరించి కూడా, తీగను తగిలించే పోర్టును 100 మెగాబిట్లకే పరిమితం చేస్తాయి. 500 మెగాబిట్లకు రుసుము కట్టినవారికి ప్రవేశద్వారం వద్దనే నాలుగు వంతులు నష్టమన్నమాట. కొనేవారు ముందుగా చదవవలసింది ముందువైపు అంకె కాదు, వెనుకవైపు పోర్టుకు ఎదురుగా ‘గిగాబిట్’ అన్న మాట ఉన్నదా లేదా అన్నది. కేబులు విషయమూ ఇంతే. క్యాట్ 5ఈ రకం చాలును. కానీ దానిలోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి. ఒక్క జత తెగినా వేగం 100కు పడిపోవచ్చు.

వైఫై తరాలకు 4, 5, 6 అని సంఖ్యలు పెట్టే పద్ధతి 2018లో మొదలైంది. ఏడవ తరం పరికరాలకు ధ్రువీకరణ 2024 జనవరిలో ఆరంభమైంది. అత్యంత స్పష్టమైన 4కె చలనచిత్రానికి 25 మెగాబిట్లు సరిపోతాయి. దృశ్యరూప తరగతికి అయిదు కూడా చాలా సందర్భాలలో ఎక్కువే. కాబట్టి గిగాబిట్ పోర్టులున్న ఆరవ తరం రౌటరు సామాన్య కుటుంబానికి సమృద్ధి. ఇంటిలోని ఫోన్లన్నీ అయిదవ తరానివైనప్పుడు ఏడవ తరం రౌటరు కొనడం కేవలం ఆడంబరం.

ఇక గోడల సంగతి. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగం దూరం పోగలదు, గోడలను కొంత ఛేదించగలదు; కానీ వేగం తక్కువ, మైక్రోవేవ్ పొయ్యి, బ్లూటూత్ పరికరాలు దానికి అడ్డుతగులుతాయి. 5 గిగాహెర్ట్‌జ్ వేగవంతమైనదే కాని సుకుమారం. ఇనుప చువ్వల కాంక్రీటు, ఉక్కు బీరువా, నిలువుటద్దం, చేపల తొట్టి దానిని బలహీనపరుస్తాయి. తీగ ప్రవేశించిన మూలలోనే, టీవీ వెనుకనో బీరువా మీదనో రౌటరును అమర్చడం రివాజు. దానిని ఇంటి నడుమకు, తలకు పైయెత్తుకు మార్చడం వల్ల కలిగే లాభం ఎన్నోసార్లు కొత్త రౌటరు కొన్నా కలగదు. మేడ ఇంటికి ఒక్కటి చాలదు. ఒకే రేడియోతో పనిచేసే చవక రిపీటరు, విన్న మాటను మళ్లీ చెప్పవలసి రావడం వల్ల వేగాన్ని సగానికి సగం తగ్గిస్తుంది. పై అంతస్తుకు కేబులు లాగి అక్కడ రెండవ పరికరాన్ని ఉంచడమే శ్రేష్ఠం. గృహనిర్మాణంలో ద్వారాల దిక్కుకూ పొయ్యి మూలకూ చూపే శ్రద్ధలో పదోవంతు, గోడలో ఒక గొట్టం వేయించడానికి చూపితే చాలు.

భద్రతను విస్మరించరాదు. కర్మాగారంలో పెట్టిన సంకేతపదాలను ఎవరూ మార్చనందువల్లనే 2016లో ‘మిరాయ్’ అనే దుష్ట క్రమణిక లక్షలాది కెమెరాలను, రౌటర్లను వశపరచుకొన్నది. డబ్ల్యూపీఏ 3 రక్షణ ఉన్నది, తయారీదారు కొన్నేళ్లపాటు సవరణలు పంపుతానని హామీ ఇచ్చినది ఎంచుకోవాలి. తంతువుకు ఇంట విద్యుత్తు అక్కర్లేదు గాని పెట్టెలకు కావాలి. కరెంటు పోయే ఊళ్లలో 12 వోల్టుల చిన్న బ్యాటరీ అదనపు హంగు కాదు, అవసరం.

డబ్బు ఖర్చుచేయక ముందు ఒక పరీక్ష ఉన్నది. గిగాబిట్ పోర్టున్న కంప్యూటరును కేబులుతో రౌటరుకు కలిపి వేగం చూడాలి. తరువాత వెనుక గదిలో ఫోనుతో చూడాలి. మొదటిచోట 480, రెండవచోట 40 వస్తే లోపం గోడలదీ, రౌటరు ఉన్న స్థానానిదీ. రెండుచోట్లా 94 దగ్గర ఆగిపోతే పోర్టునో, కేబులునో శంకించాలి. కేబులుతో కలిపినప్పుడే 40 వచ్చి, కేబులు మార్చినా మారకపోతే అప్పుడు సంస్థకు ఫోను చేయవచ్చు.