ఏ క్లాసు ఆంప్లిఫయర్ మంచిది?

క్లాసు అనగానే మన విద్యార్థులకు ఫస్టు క్లాసు, సెకండు క్లాసు గుర్తుకొస్తాయి. ఆంప్లిఫయర్లలోని ఏ, బీ, ఏబీ, డీ క్లాసులు అలా మార్కులను బట్టి ఇచ్చినవి కావు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పనిచేసే తీరుకు పెట్టిన పేర్లు. ఈ సంగతి నాకు పుస్తకం కంటే ముందు, పాడైపోయిన ఒక పాట నేర్పింది.

చదువుకొనే రోజుల్లో హాస్టలు గదిలో పది వాట్ల బీ క్లాసు ఆంప్లిఫయర్ ఒకటి కట్టాను. ఇంటినుంచి వచ్చిన రెండు నెలల చేతిఖర్చు దానికే పోయింది. గట్టిగా పెడితే బాగానే మోగేది. రాత్రి పక్కగదివాళ్ళు పడుకున్నాక, తగ్గించి వీణ కచేరీ పెడితే మాత్రం, మీటిన తర్వాత సాగే నాదం గరగరమని తెగిపోయేది. స్పీకరు చెడిందనుకొని, అప్పుచేసి ఇంకొకటి కొన్నాను. అదే గరగర!

కారణమేమిటంటే, బీ క్లాసులో తరంగపు పై సగాన్ని ఒక ట్రాన్సిస్టరు, కింది సగాన్ని ఇంకొకటి మోస్తాయి. కాని సిలికాన్ ట్రాన్సిస్టరు సుమారు 0.6 వోల్టులు అందేదాకా కదలదు. 8 ఓముల స్పీకరుకు 10 వాట్లు ఇవ్వాలంటే తరంగ శిఖరం 12.6 వోల్టులు. అందులో 0.6 పోయినా అంతగా తెలియదు. 0.1 వాటుకు శిఖరం 1.26 వోల్టులే, దాదాపు సగం పోతుంది. 0.01 వాటుకు 0.4 వోల్టు; ఫీడ్‌బ్యాక్ లేని నా సర్క్యూట్లో అది బయటికే రాదు. వీణ నాదం అక్కడే చచ్చిపోయింది.

ఏ క్లాసులో ట్రాన్సిస్టరు తరంగమంతటా పనిచేస్తుంది కనుక ఈ అతుకు లేదు. కాని దాని దక్షత ఎంత బాగా కట్టినా 50 శాతం దాటదు. పది వాట్లకు ఇరవై వాట్లు కావాలి, అదీ పాట లేనప్పుడు కూడా! బీ క్లాసులో ఆ హద్దు 78.5 శాతం.

ఏబీ ఈ రెంటికీ రాజీ. ట్రాన్సిస్టర్లను ముందే కొద్దిగా మేల్కొలిపి ఉంచుతారు. నేను చేసిందల్లా రెండు డయోడ్లు చేర్చి, వాటిని హీట్ సింక్‌కు ఆనించడమే. ట్రాన్సిస్టరు వేడెక్కితే దానికి కావలసిన వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. డయోడ్లూ అలాగే తగ్గి సరిచూస్తాయి. ఆ రాత్రి వీణ చివరిదాకా వినబడింది. కొత్త స్పీకరు అప్పు మాత్రం మిగిలింది.

డీ క్లాసులో ట్రాన్సిస్టర్లు సెకనుకు లక్షలసార్లు స్విచ్చిల్లా తెరుచుకొని మూసుకొంటాయి. ధ్వని పల్సుల వెడల్పులో దాగి ఉంటుంది. చివర కాయిలు, కెపాసిటరు దాన్ని వడగడతాయి. దక్షత 90 శాతం దాకా వస్తుంది. డీ అంటే డిజిటల్ అని కొందరనుకుంటారు, అది పొరపాటు. బాగా కట్టిన డీ సెట్టుకూ, ఏబీకీ నా చెవికి తేడా తెలియలేదు.

కనుక మిత్రులారా, క్లాసు పేరు చూసి మోసపోకండి. దుకాణంలో గట్టిగా కాదు, బాగా తగ్గించి వినండి. ఆంప్లిఫయర్ గుణం మెల్లని పాటలోనే బయటపడుతుంది.