పసిగుండెకు పెద్దల కొలమానమా?

గుండెజబ్బు అనగానే మనకు నడివయసు దాటినవాళ్ళే గుర్తుకొస్తారు. కాని సజీవంగా పుట్టే ప్రతి 1000 మంది శిశువులలో సుమారు 8 మందికి పుట్టుకతోనే గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. పురుడు కష్టమై, ఊపిరి అందక గుండె దెబ్బతినే బిడ్డలు వేరే ఉన్నారు. ఫలానా చోట బాధగా ఉందని పసిబిడ్డ చెప్పలేదు గదా! అందుచేత రక్తపరీక్ష చెప్పే సంగతిని సరిగా చదవడం ముఖ్యం. అది ఎలాగో నాకు తెలిసినంతలో ఇక్కడ వివరిస్తాను.

గుండె స్థితిని తెలిపే రక్తపదార్థాలలో ముఖ్యమైనవి మూడు. మొదటిది ట్రోపోనిన్. కండరాల ముడుపును అదుపుచేసే ఈ ప్రోటీన్‌ను 1960లలో జపాను శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి కనుగొన్నాడు. గుండె కణాలు దెబ్బతింటే వాటిలోని ట్రోపోనిన్-ఐ, ట్రోపోనిన్-టి రక్తంలోకి వస్తాయి. రెండవది బి.ఎన్.పి. అనే హార్మోను. 1988లో జపానులోనే దీన్ని పంది మెదడు నుంచి వేరుచేశారు. తీరా చూస్తే ఇది ఎక్కువగా తయారయ్యేది గుండె జఠరికలలోనని తరువాత తేలింది! జఠరిక గోడ సాగినప్పుడు ఇది విడుదలవుతుంది. దీనితోపాటు విడివడే ఎన్.టి.-ప్రో బి.ఎన్.పి. అనే తునక రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. అంటే ట్రోపోనిన్ దెబ్బను చెబుతుంది, బి.ఎన్.పి. భారాన్ని చెబుతుంది అన్నమాట. మూడవది సి.కె.-ఎం.బి. అనే ఎంజైము. ఇది ఒంటి కండరాల నుంచి కూడా వస్తుంది, పురిటి ఒత్తిడికే పెరుగుతుంది. కనుక పసివాళ్ళలో దీన్ని అంతగా నమ్మలేము.

ఇక అసలు చిక్కు. పెద్దవాళ్ళలో ట్రోపోనిన్-టి లీటరుకు 14 నానోగ్రాములు దాటితే డాక్టర్లు జాగ్రత్తపడతారు. ఆయాసంతో వచ్చిన రోగికి ఎన్.టి.-ప్రో బి.ఎన్.పి. మిల్లీలీటరుకు 300 పికోగ్రాముల లోపు ఉంటే గుండె వైఫల్యం ఉండకపోవచ్చని భావిస్తారు. ఇవే హద్దులు నిన్న పుట్టిన బిడ్డకు పెడితే? ఆరోగ్యంగా ఉన్న శిశువుల్లో చాలామంది రోగులైపోతారు! మొదటి రెండు రోజుల్లో వాళ్ళ ఎన్.టి.-ప్రో బి.ఎన్.పి. వేలల్లో ఉండడం మామూలే.

కారణం ఏమిటంటే, తల్లి కడుపులో బిడ్డకు ప్రాణవాయువు మాయ ద్వారా అందుతుంది. ఊపిరితిత్తులకు వెళ్ళే రక్తం కొద్దిపాటిదే. మొదటి ఏడుపుతో అవి విచ్చుకుంటాయి, రక్తం వాటిలోకి ఉరుకుతుంది, అక్కడినుంచి ఎడమ గుండెకు చేరుతుంది. బొడ్డు కోసేశాక ఎడమ జఠరిక మునుపటికంటె ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా పనిచేయాలి. కాలువకు కొత్తనీరు వదిలిన రోజున గట్టుమీద పడే ఒత్తిడిని చూసిన మాబోటి రైతుబిడ్డలకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. వారం తిరిగేసరికి గుండె సర్దుకుంటుంది, అంకె బాగా దిగుతుంది.

కనుక అంకె పక్కన బిడ్డ వయసు ఉండాలి, అదీ గంటల్లో, రోజుల్లో. దిగవలసిన అంకె దిగకపోయినా, దిగి మళ్ళీ పెరిగినా అనుమానించాలి. నెలలు నిండని బిడ్డల్లో డక్టస్ అనే నాళం మూసుకోక గుండెకు భారమైతే బి.ఎన్.పి. పెరుగుతుంది. అయితే ఏ గోడకు రంధ్రం ఉందో, ఏ కవాటం ఇరుకైనదో రక్తం చెప్పదు, అందుకు ఎకో పరీక్ష కావలసిందే. అంకె మామూలుగా ఉన్నంత మాత్రాన లోపం లేదనుకోరాదు. ఒళ్ళు నీలంగా మారడం, పాలు తాగేటప్పుడు ఆయాసం, కుడిచేతిలో, పాదంలో ఆక్సిజన్ కొలత ఇవన్నీ కలిపి చూడాలి.

పెద్దల హద్దుతో కొలిస్తే ఆరోగ్యంగా ఉన్న బిడ్డ తల్లికి అనవసరపు దిగులు. పసివాళ్ళకు ఎక్కువే ఉంటుందిలే అని వదిలేస్తే జబ్బున్న బిడ్డకు ప్రాణాపాయం. మిత్రులారా, రేపు మనలో కొందరం లాబొరేటరీల్లో పనిచేస్తాం. రిపోర్టులో అంకె పక్కనే ఆ వయసుకు తగిన హద్దును కూడా రాయడం మనం అలవాటు చేసుకుందాం.