స్టీరింగ్ చక్రం ఊడి రానంటే

రోహిణి కార్తె నడుస్తోంది. మృగశిరలో నాలుగు చినుకులు పడ్డాయంటే బత్తాయి, మామిడి తోటల్లోకి గొర్రు, రోటవేటరు దిగాల్సిందే. ఆ వారం ఏ మెకానిక్ షెడ్డు ముందు చూసినా ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. పాత మినీ ట్రాక్టరు పనులు చూసుకోవడానికి ఇదే అదను. వాటిలో ఏటా వాయిదా పడే పని ఒకటుంది: బిగుసుకుపోయిన స్టీరింగ్ చక్రాన్ని ఊడదీయడం.

అసలు ఊడదీయాల్సిన అవసరం ఉందా అన్నది ముందు చూసుకోండి. స్టీరింగ్ బరువుగా తిరుగుతోందంటే తప్పు సాధారణంగా చక్రంలో ఉండదు. ముందు టైర్లలో గాలి, కింగ్‌పిన్నులకు గ్రీజు, స్టీరింగ్ బాక్సులో ఆయిలు చూడండి. చక్రం పగిలినా, కాలమ్‌లోని బుష్ అరిగి చక్రం అటూ ఇటూ ఊగుతున్నా, మీటరు బోర్డు కింది భాగాలు విప్పాల్సి వచ్చినా అప్పుడు తీయక తప్పదు.

చక్రం నడుమ ఉండే హబ్ కొన్ని బండ్లలో షాఫ్ట్ పళ్ల మీద కూర్చుంటుంది. మరికొన్నింటిలో షాఫ్ట్ పైకి పోనుపోను సన్నబడి ఉంటుంది, హబ్ తిరగకుండా ఒక కీ అడ్డుపడుతుంది. పైన నట్టు, దాని మీద మూత. ఆ మూత పాత బండ్లలో ఎక్కడ ఉంటుంది లెండి! వాన నీరు, మందు పిచికారీ తుంపర, యూరియా పొడి అన్నీ ఆ సందులోకే దిగుతాయి. తుప్పు తాను తినేసిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే సందంతా పూడుకుపోయి, ఇద్దరు కలిసి లాగినా చక్రం కదలదు.

ఈ పనిలో గుర్తుంచుకోవాల్సింది షాఫ్ట్‌ను. చక్రం పోతే ఇంకోటి దొరుకుతుంది. షాఫ్ట్ మరలు చితికినా, స్టీరింగ్ బాక్సులోని బేరింగులు దెబ్బతిన్నా బండి సీజనంతా షెడ్డులోనే. షాఫ్ట్ కొన మీద సుత్తితో నేరుగా మోదడమంటే ఆ దెబ్బను బాక్సులోకి పంపడమే.

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ముందు చక్రాలు తిన్నగా పెట్టి, హబ్‌కూ షాఫ్ట్‌కూ కలిపి ఒక గీత గీయండి. నట్టు వదులు చేయండి కానీ పూర్తిగా తీయొద్దు. నాలుగైదు మరల మీద ఉండనివ్వండి. పట్టు వదిలినప్పుడు చక్రం ఒక్కసారిగా పైకి లేస్తుంది. నట్టు లేకపోతే అది మీ గడ్డానికి తగులుతుంది.

తర్వాత తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. అది దొరక్కపోతే డీజిల్లో కాస్త పలుచని ఇంజిన్ ఆయిల్ కలిపినా పనికొస్తుంది. హబ్ చుట్టూ బంకమట్టితో చిన్న గట్టు కట్టి అందులో పోస్తే కారిపోకుండా నిలుస్తుంది. పొద్దునా సాయంత్రం పోస్తూ రెండు మూడు రోజులు నాననివ్వండి. ఇక్కడే మనవాళ్లకు ఓపిక చాలదు. ఆ తర్వాత ఒకరు సీట్లో కూర్చుని చక్రాన్ని కింది నుంచి పైకి లాగుతుంటే, ఇంకొకరు నట్టు మీద ఇత్తడి కడ్డీ ఆనించి తేలిగ్గా తట్టాలి.

అప్పటికీ రాకపోతే పుల్లర్ వాడాలి. దాని కాళ్లు చక్రం కమ్ములకు కాదు, హబ్ కిందికి పట్టాలి. అక్కడ సందు లేకపోతే లేత్ షాపులో మందపాటి ఇనుప పట్టీతో రెండు ముక్కల ప్లేటు చేయించి హబ్ కింద బిగించండి. పుల్లర్ నడిమి బోల్టు బిగించి, దాని తల మీద ఒక దెబ్బ తట్టి, మళ్లీ కొంచెం బిగించండి. అలా బిగువు మీదే రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి తానే వదిలిన సందర్భాలు కొల్లలు. నట్టు మాత్రం దాని చోటే ఉండాలి.

వేడి పెట్టడం కూడా పనిచేస్తుంది. ఇనుప హబ్‌ను 150 డిగ్రీల మేర వేడి చేస్తే 20 మిల్లీమీటర్ల రంధ్రం 0.03 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. అంత చాలు, తుప్పు పట్టు సడలుతుంది. అయితే గ్యాస్ మంటకు ప్లాస్టిక్ చక్రం కరుగుతుంది, పైగా చాలా బండ్లలో డీజిల్ ట్యాంకు స్టీరింగ్‌కు ముందే ఉంటుంది. పోసిన నూనె శుభ్రంగా తుడిచి, హీట్ గన్‌తో హబ్‌ను మాత్రమే వేడి చేయడం మేలు. మంట పెట్టక తప్పదంటే అది మెకానిక్ పని, మీది కాదు.

ఏదీ కుదరకపోతే చక్రం మీద ఆశ వదులుకోండి. గ్రైండరుతో హబ్‌ను నిలువుగా, షాఫ్ట్‌కు తగలకుండా కోసి, కోతలో ఉలి పెట్టి తడితే అది విచ్చుకుంటుంది. కళ్లద్దాలు పెట్టుకోకుండా ఈ పనికి దిగొద్దు.

తిరిగి బిగించేటప్పుడు షాఫ్ట్ పళ్లను తీగ బ్రష్‌తో రుద్ది, పళ్లున్న రకమైతే పలుచగా గ్రీజు పూయండి. పైకి సన్నబడే రకానికి లోపల గ్రీజు వద్దు, పొడిగా తుడిచి బిగించాలి. గీతలు కలిశాక నట్టు, వాషర్ కంపెనీ పుస్తకంలో చెప్పినంత బిగువుతో బిగించండి. పాత నట్టు మరలు అరిగి ఉంటే కొత్తది వేయండి. దున్నుతుండగా చక్రం చేతిలోకి ఊడి రావడం చాలా ప్రమాదం. పోయిన మూత బదులు కొత్తది కొని పెట్టండి. అది దొరికేదాకా ఒక రబ్బరు గుడ్డ కట్టి ఉంచినా వాన నీరు లోపలికి దిగదు.