పోటీ పరీక్షల ప్రత్యేకం: మెమరీలోనే స్టోకాస్టిక్ కంప్యూటింగ్

పి.గన్నవరం తోటల్లో కొబ్బరికాయను దింపినచోటే ఒలిస్తే పీచు మోసే కూలి మిగులుతుంది. డేటాను ప్రాసెసర్ దాకా మోయకుండా, ఉన్నచోటే లెక్కించడం కూడా అలాంటిదే. దీన్ని ‘ఇన్-మెమరీ కంప్యూటింగ్’ అంటారు.

అలా మెమరీలోనే చేయదగ్గ ఒక లెక్కింపు పద్ధతి స్టోకాస్టిక్ కంప్యూటింగ్: సంఖ్యను యాదృచ్ఛిక బిట్ల వరుసగా రాస్తారు. ఆ వరుసలో 1ల నిష్పత్తే దాని విలువ.

ఉదాహరణ: 0.5 × 0.75
- 10101100 (8లో 4)
- 11101011 (8లో 6)
- యాండ్ ఫలితం: 10101000 (8లో 3 = 0.375)

అంటే గుణకారానికి ఒక్క యాండ్ గేటు చాలు.

గుర్తుంచుకోండి
- 1967: బ్రిటన్‌లో బ్రయాన్ గెయిన్స్, అమెరికాలో పోపెల్‌బామ్ బృందం విడివిడిగా స్టోకాస్టిక్ కంప్యూటింగ్‌ను ప్రతిపాదించారు.
- 1971: మెమ్రిస్టర్‌ను (తన నిరోధాన్ని గుర్తుంచుకునే ఎలక్ట్రానిక్ భాగం) లియాన్ చువా ఊహించారు, 2008లో హెచ్‌పీ ల్యాబ్స్ చేసి చూపింది. దాని స్విచింగ్‌లో సహజంగా ఉండే అనిశ్చితితోనే యాదృచ్ఛిక బిట్లను పుట్టించవచ్చు.
- డీర్యామ్‌లో (కంప్యూటర్ ప్రధాన మెమరీ) మూడు మెమరీ అడ్డువరుసలను ఒకేసారి తెరిచి యాండ్, ఆర్ చేయవచ్చు; అంటే స్టోకాస్టిక్ గుణకారం మెమరీలోనే జరిగిపోతుంది.

లాభం: చిన్న సర్క్యూట్, ఒక బిట్ తప్పినా విలువ కొద్దిగానే మారుతుంది.
పరిమితి: కచ్చితత్వం పెరగాలంటే వరుస పొడవు పెరగాలి, రెండు వరుసలూ పరస్పరం స్వతంత్రంగా ఉండాలి.

ప్రశ్న: స్టోకాస్టిక్ గుణకారానికి వాడే గేటు?
ఎ) ఆర్ బి) యాండ్ సి) నాట్ డి) నార్
జవాబు: బి