జాబు ఏ మజిలీలో నున్నది?

కరీంనగరము.



నిర్మల్‌లో గల్ఫ్ వలసకార్మికుల కుటుంబములకు దరఖాస్తులు వ్రాసిపెట్టి, రాయబార కార్యాలయములతో ఉత్తరప్రత్యుత్తరములు నడపు ఆ చిన్న దఫ్తరులో నీవు చేరితివని విన్ననాడే నాకు మిక్కిలి సంతోషము కలిగినది. ఖానాపూర్ మొదలుకొని మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల వరకు, దుబాయికో మస్కట్‌కో దమ్మామ్‌కో పోయినవారు లేని పల్లె అరుదు. అచ్చటి జీతపు బకాయిని గూర్చిన ఒక అర్జీ గాని, ఆస్పత్రిలోనున్న మనిషి జాడ తెలుపు ఒక చిన్న సమాధానము గాని, సకాలమున చేరినదా లేదా అను దానిపై ఇచ్చటి ఒక సంసారము యొక్క నిద్రాహారములు ఆధారపడియుండును. అట్టి జాబులను మోయు ఈ-మెయిల్ ప్రోగ్రాము ఔట్‌లుక్ మొరాయించినపుడు నీకు కలిగిన ఆందోళన నేనెరుగుదును. అందుచేత నీ ప్రశ్నకు క్లుప్తముగా గాక కొంత విస్తరించియే వ్రాయుచున్నాను.

కంప్యూటరులోని ఔట్‌లుక్‌ను మొత్తముగా తీసివేసి మరల ఎక్కించిన బాగుపడునా అని అడిగితివి. అంత పని ఇప్పుడే చేయవలదు, బిడ్డా. ప్రోగ్రాము వేరు, అది దాచియుంచిన జాబులు వేరు, ఆ రెండింటిని బయటి సర్వరుతో కలుపు ఖాతా వివరములు వేరు. ప్రోగ్రామును తీసి వేసినను చెడిన ఫైలు చెడినట్లే యుండును, తప్పిన పాస్‌వర్డు తప్పినట్లే యుండును. కాని ఆ తొందరలో తెలియనివారెవ్వరైన డిస్కును ఫార్మాటు చేసిరా, ఎన్నో కుటుంబముల వ్యవహారము ఒక్క గడియలో మాసిపోవును. శ్రీరాంసాగర్ నీరు కాకతీయ కాలువ చివరి మడికి అందనపుడు మన రైతు మడిని త్రవ్వుచు కూర్చుండడు. తూము మొదలుకొని కట్టవెంట నడచి, నీరు ఎంతవరకు వచ్చి ఎచ్చట ఆగినదో చూచును. నీవును ఏ మీటను నొక్కుటకు ముందైనను ఒక్కటే విచారింపుము: ఈ జాబు ఇప్పుడు ఏ మజిలీలో నున్నది? ఆ ప్రశ్నకు సమాధానము దొరకిన పిమ్మట చికిత్స తరచుగా అల్పమైనదే యగును.

నీ జాబు మొదట నీ కంప్యూటరులోని ఔట్‌బాక్సులో నిలుచును. అచ్చటినుండి, 1982లో ప్రకటింపబడిన ఎస్.ఎం.టి.పి. అను పద్ధతిని అనుసరించి పంపకపు సర్వరునకును, దానినుండి అవతలివారి సర్వరునకును పోవును. అవతలివాడు పాప్ అను పద్ధతిచేతనో ఐమాప్ అను పద్ధతిచేతనో దానిని తన బల్లపైకి దించుకొని, తన డిస్కుమీద ఒక ఫైలులో భద్రపరచుకొనును.

నీవు వ్రాసిన మొదటి చిక్కు ఔట్‌బాక్సుదే. ఖతారులో కన్నుమూసిన ఆ కార్మికుని దేహమును స్వగ్రామమునకు తెప్పించుటకై వారసుల సమ్మతిపత్రమును, పాస్‌పోర్టు నకలును, మరికొన్ని దస్తావేజులను స్కాను చేసి పంపితివనియు, అది పోక అచ్చటనే నిలిచిపోయినదనియు చదివి నా మనస్సు కలతచెందినది. అట్టి సమయమున గడచు ప్రతి పూటయు ఆ ఇంటివారికెట్లుండునో నీకు నేను చెప్పనక్కరలేదు. ఫైళ్ల మొత్తము 22 ఎం.బి. అనియు, జీమెయిల్ పరిమితి 25 ఎం.బి. గదా అనియు నీవనుచున్నావు. ఇందులో చాలమంది ఎరుగని సూక్ష్మమొకటి కలదు. ఈ-మెయిల్ మార్గము మొదట అక్షరములను మాత్రమే మోయుటకు నిర్మింపబడినది గావున, బొమ్మను గాని పి.డి.ఎఫ్.ను గాని పంపునపుడు ప్రోగ్రాము దానిని అక్షరరూపమునకు మార్చును. ఆ మార్పులో ప్రతి మూడు బైట్లు నాలుగగును. అనగా నీ 22 ఎం.బి. మార్గమధ్యమున 29 దాటును, సర్వరు త్రోసిపుచ్చును. ఒక జాబులో జతచేయునది 18 ఎం.బి. లోపల నుండునట్లు చూచుకొనుము. దస్తావేజును రంగులలో, మిక్కిలి సూక్ష్మముగా స్కాను చేయుటకు మారు, అంగుళమునకు 200 చుక్కల చొప్పున నలుపుతెలుపులలో చేసిన చదువుటకు ఏ లోటును లేకుండ ఫైలు ఎన్నోరెట్లు తగ్గును. తగ్గనిచో రెండు మూడు జాబులుగా విడదీసి, ప్రతిదాని శీర్షికలోను మృతుని పాస్‌పోర్టు సంఖ్యను వ్రాయుము.

నిలిచిపోయిన పెద్ద జాబు వెనుకనున్న చిన్న జాబులను గూడ అడ్డగించవచ్చును. దానిని తొలగింపబోయిన ఔట్‌లుక్ ఒప్పుకొనదు, పంపుచున్నాననును. అప్పుడు సెండ్ రిసీవ్ పట్టీలోని వర్క్ ఆఫ్‌లైన్ మీటను నొక్కి, ప్రోగ్రామును మూసి తెరచి, ఆ జాబును డ్రాఫ్టులలోనికి జరిపి, ఆఫ్‌లైన్‌ను మరల తీసివేయవలెను. తీసివేయుట మరచిన ఇక ఏ జాబును కదలదు. కిటికీ అడుగున చిన్న అక్షరములలో ఆఫ్‌లైన్ అని కనబడుచున్నను ఎవ్వరును చూడరు. మరొక సంగతి: ఔట్‌బాక్సులో పంపుటకు సిద్ధముగానున్న జాబు వాలుటక్షరములలో కనిపించును. ఆత్రముతో దానిని తెరచి చూచి ఊరక మూసితివా, అది నిటారుటక్షరములకు మారి అచ్చటనే యుండిపోవును; మరల తెరచి సెండ్ నొక్కవలసినదే.

ఇక పాస్‌వర్డు మాటిమాటికి అడుగుచున్నదను చిక్కు. సరియైన పాస్‌వర్డే కొట్టుచున్నాను, బ్రౌజరులో తెరచుకొనుచున్నది, ఔట్‌లుక్‌లో మాత్రము తెరచుకొనుటలేదు అంటివి. బ్రౌజరులో తెరచుకొన్నదనిన సగము చిక్కు విడినట్లే: జాబులు సర్వరులో క్షేమముగా నున్నవి, తలుపు దగ్గరనే తగవు. గూగుల్ సంస్థ 2022 మే 30 నుండి, మైక్రోసాఫ్ట్ తన వ్యక్తిగత ఖాతాలకు 2024 సెప్టెంబరు 16 నుండి, ఒట్టి పాస్‌వర్డుతో లోనికి రాజూచు పాత ప్రోగ్రాములను నిలిపివేసినవి. జీమెయిల్ విషయమున రెండంచెల ధ్రువీకరణను పెట్టుకొని, 16 అక్షరముల యాప్ పాస్‌వర్డును తెచ్చుకొని దానిని ఔట్‌లుక్‌లో వేయవచ్చును. లేదా కొత్త ఔట్‌లుక్‌కు గాని థండర్‌బర్డ్ అను మరియొక మెయిల్ ప్రోగ్రామునకు గాని మారినచో, అవి బ్రౌజరు వలెనే గూగుల్ పుటను చూపి లోనికి పోనిచ్చును. పాత పాస్‌వర్డు విండోస్ వారి క్రెడెన్షియల్ మేనేజరులో దాగియుండి అడ్డుపడుచున్నచో దానిని అచ్చట తుడిచివేయుము.

జాబులు వచ్చుచున్నవి గాని పోవుటలేదనిన పంపకపు సర్వరు పోర్టును చూడుము. 25 అని యున్నచో దానిని అనేక ఇంటర్నెట్ సంస్థలు మూసియుంచును. 587 గాని 465 గాని పెట్టి, పంపకపు సర్వరునకు గూడ ధ్రువీకరణ కావలెనను గడిలో గుర్తుంచుము. తెచ్చుకొనుటకు ఐమాప్‌కు 993, పాప్‌కు 995.

సర్టిఫికెట్ చెల్లదనుచు రోజును ఉదయమే ఒక హెచ్చరిక వచ్చుచున్నదని వ్రాసితివే, దానికి నీ ఖాతాతో నిమిత్తమే లేకపోవచ్చును. కంప్యూటరు తేదీని చూడుము. మదర్‌బోర్డుమీది నాణెమంత బ్యాటరీ అయిపోయిన పాత యంత్రము, రాత్రి కరెంటు తీసివేయగానే కాలమును మరచి, తెల్లవారి ఎన్నో యేండ్ల వెనుకటి తేదీతో మేల్కొనును; సర్వరు చూపు సర్టిఫికెట్ ఆ తేదీకి ఇంకను పుట్టనే లేదు గనుక నమ్మననును. ఆ బ్యాటరీ స్వల్పమైన వెలకే దొరకును. దానిని మార్పించుము, హెచ్చరికను చూడకుండ యస్ నొక్కు అలవాటును మాత్రము ఎన్నడును చేసికొనవలదు.

పోయిన యేటి జాబులు సెల్‌ఫోనులో కనబడుటలేదు, ఎవరో తుడిచివేసిరేమో యని నీ తోడి ఉద్యోగిని అనుమానించితివి. ఎవరినీ అనుమానింపవలదు. ఆ ఖాతా పాప్ పద్ధతిపై నున్నదని నా ఊహ. 1984లో ఆ పద్ధతి పుట్టిననాడు, ఫోను తీగపై కొద్ది నిమిషములు కలిసి, జాబులను దించుకొని, తీగ వదలివేయుటయే జనుల అవసరము. మన దేశమున 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ తెరచిన కాలమునందును స్థితి అదియే. దించుకొన్న జాబును సర్వరునుండి తొలగించుట పాప్ సహజగుణము; నకలును సర్వరులో ఉంచుమను గడి గుర్తింపబడకున్నచో ఆ పాత జాబులు లోకమంతటిలోను నీ దఫ్తరులోని ఆ ఒక్క డిస్కుమీదనే యుండును. మార్క్ క్రిస్పిన్ 1986లో రూపొందించిన ఐమాప్ అట్లు కాదు. జాబు సర్వరులోనే యుండును, నీ ఔట్‌లుక్, నీ ఫోను, నీ తోడివాని కంప్యూటరు అన్నియు దానినే చూచును. నలుగురు పనిచేయు చోట ఐమాప్ తప్ప మరొకటి తగదు. ఐనను అందులో ఒకరు తుడిచినది అందరికిని తుడిచిపోవును, ఈ సంగతి అందరికిని చెప్పుము.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైనది, జాబులు నిద్రించు ఫైలు. ఔట్‌లుక్‌లో పాప్ ఖాతా జాబులన్నియు పి.ఎస్.టి. అను ఒకే ఫైలులో నుండును. 2002 నాటివరకు వచ్చిన ఔట్‌లుక్‌లలో ఆ ఫైలు 2 జి.బి. దాటరాదు, 2003, 2007లలో 20 జి.బి., 2010 మొదలు 50 జి.బి. హద్దుగా పెట్టిరి. హద్దు చేరినను, జాబులు వ్రాయుచుండగా కరెంటు పోయినను, ఆ ఫైలు దెబ్బతినవచ్చును. అందుచే కంప్యూటరునకు యు.పి.ఎస్. లేకున్న ముందది కొనిపింపుము. బాగుచేయుటకు మైక్రోసాఫ్ట్ వారే స్కాన్‌పిఎస్‌టి అను చిన్న ప్రోగ్రామును ఆఫీసుతోపాటే ఇచ్చిరి. ఔట్‌లుక్‌ను మూసి, పి.ఎస్.టి. ఫైలును వేరొక డిస్కుమీదికి నకలు చేసి, ఆ పిదపనే దానిని నడుపుము. అది దొరకిన జాబులను కూర్చి, కూర్చలేనివానిని విడిచివేయును. విడిచినవి రేపు కావలసినచో నీ నకలే దిక్కు. నకలు లేక చికిత్స మొదలుపెట్టువాడు ఎంతటి నిపుణుడైనను వానిని ఆ బల్లదగ్గరకు రానీయకుము.

ఓ.ఎస్.టి. అను మరియొక ఫైలున్నది, దానికింత భయము లేదు. ఇటీవలి ఔట్‌లుక్‌లలో ఐమాప్ ఖాతాకు అది సర్వరులోనున్నదానికి ప్రతిబింబము మాత్రమే. చెడినచో ఔట్‌లుక్‌ను మూసి, దాని పేరు మార్చి, మరల తెరచిన క్రొత్తది కట్టుకొనును. ఔట్‌బాక్సులో పోని జాబులు, ఈ కంప్యూటరునకు మాత్రమే అని గుర్తు గల సంచులు (ఫోల్డర్లు) అందులోనుండి పోవచ్చును గనుక వానిని ముందు చూచుకొనుము.

థండర్‌బర్డ్‌కు మారదలచినచో మంచిదే. 2004 డిసెంబరులో మొదటి ప్రతి వెలువడిన ఆ ప్రోగ్రామునకు వెల లేదు. దానియందు ఒక్కొక్క సంచి సాధారణముగా ఒక్కొక్క ఫైలు. తుడిచిన జాబులు కూడ, కాంపాక్ట్ చేయువరకు, ఆ ఫైలులోనే మిగిలి బరువు పెంచును. సంచిలో జాబులు కనబడకయో కలగాపులగమైయో యున్నచో సంచి గుణములలోని రిపేర్ ఫోల్డర్ నొక్కిన సూచిక క్రొత్తగా తయారగును. ఒక్క విషపు జాబు దొరకినదని యాంటీవైరస్ ఇన్‌బాక్సు ఫైలునంతటిని బంధించిన సందర్భములును కలవు. ఇన్‌బాక్సు హఠాత్తుగా రిక్తమైనచో మొదట యాంటీవైరస్ బందిఖానాను వెదకుము.

ఔట్‌లుక్ తెరవగనే స్తంభించిపోవుచున్నచో, కంట్రోల్ మీటను పట్టుకొని దాని బొమ్మను నొక్కి, సేఫ్ మోడ్‌లో తెరువుము. అప్పుడు చక్కగా నడచినయెడల దోషము అనుబంధ ప్రోగ్రాములది (యాడ్-ఇన్‌లది). ఒక్కొక్కటి ఆపి చూచిన దొరకును.

తెలుగు అర్జీ అవతల పిచ్చి గీతలుగా కనబడినదను సంగతి వేరు. డి.టి.పి. సెంటరువారు ‘అను’ ఫాంట్లలోనో శ్రీలిపిలోనో కట్టిన ఫైలది. ఆ ఫాంటు లేని యంత్రమున అది చదువ వీలుగాదు. ఇకముందు యూనికోడ్‌లో కొట్టించుము, లేదా పి.డి.ఎఫ్.గా మార్పించి పంపుము.

మెయిల్ పెట్టె నిండినది, పాస్‌వర్డు ఇచ్చి ధ్రువపరచుకొనుమని వచ్చు జాబులను తెరువకుము. వీసా సిద్ధము, రుసుము పంపుమనువాటిని మీ దఫ్తరునకు వచ్చు యువకులకు చూపి, అట్టి ఏజెంటు పేరు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో నున్నదో లేదో వారి యెదుటనే చూచి చెప్పుము. రాయబార కార్యాలయమునకు వ్రాసిన ప్రతి ఆపద విషయమును, 2015లో విదేశాంగశాఖ ఆరంభించిన మదద్ పోర్టలులో గూడ నమోదు చేయుము. మెయిలు నిలిచినను అచ్చటి సంఖ్య నీ చేతిలో నుండును.

ముందు ఆ పి.ఎస్.టి. నకలును తీసి, ఖతారు జాబును విడదీసి ఈ పూటనే పంపుము. ఆ పిదప నాకు మూడు సంగతులు వ్రాయుము: ఔట్‌లుక్ ఏ సంవత్సరపుది, ఖాతా పాప్‌దా ఐమాప్‌దా, తప్పు చూపునపుడు కనబడు సంఖ్య యేది. చివర సిసిసి0ఇ అని యున్నచో సర్వరుతో సంబంధమే కుదరలేదని, సిసిసి92 అని యున్నచో సర్వరు దొరకియు ప్రవేశము నిరాకరించినదని అర్థము. ఒక్క అక్షరము తప్పినను దారి మారును గనుక తెరను ఫోటో తీసి పంపినను సరే. చూచి, మిగిలినది ఫోనులో చెప్పెదను. మీ బాపునకును అవ్వకును నా ఆశీస్సులు తెలుపుము.

ఇట్లు,
నీ పెద్దబాపు