పులికాట్ గుల్లలు: వానల తర్వాత జాగ్రత్తలు

ఈశాన్య రుతుపవనాల జోరు తగ్గింది. కాళంగి నది మోసుకొచ్చిన వరద పులికాట్ సరస్సులో కలిసింది. ఇక సముద్రపు పోటుతో సరస్సు నీరు మెల్లమెల్లగా ఉప్పెక్కుతుంది. తడ, సూళ్లూరుపేట వైపు చేతులతో గుల్లలు ఏరుకునే కుటుంబాలు ఏడాది మొత్తంలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇప్పుడే. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఈ సరస్సులో ఆంధ్ర వైపు భాగం మన జిల్లాదే కాబట్టి, ఈసారి మామిడి, వేరుశనగ పక్కన పెట్టి గుల్లల సంగతి చెప్పుకుందాం.

మన ఉప్పుటేటి ఇసుకల్లో దొరికే తినే గుల్లల్లో ముఖ్యమైనది మెరెట్రిక్స్ కాస్టా. వీటిలో ఆడ, మగ వేరు. గుడ్లు నీళ్లలోనే ఫలదీకరణ చెందుతాయి. పుట్టిన డింభకాలు కొన్ని రోజులు నీటి వాలున తేలి, తర్వాత ఇసుకలో దిగి పిల్ల గుల్లలవుతాయి. నీరు చప్పబడితే గుల్ల చిప్పలు బిగించుకుని కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. ఆ చప్పనీరు రోజుల తరబడి కదలకపోతే మాత్రం గుల్లలు గుంపులు గుంపులుగా చచ్చిపోతాయి. సరస్సు సముద్రంలో కలిసే రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాల్లో ఇసుక మేట తీయాలని జాలర్లు ఏళ్లుగా అడుగుతున్నది చేపల కోసమే అనుకోకండి. వానాకాలంలో వరద బయటికి పోవాలన్నా, ఎండాకాలంలో ఉప్పు మితిమీరకుండా ఉండాలన్నా ఆ దారులు తెరిచి ఉండాలి.

ముందుగా గుల్లలు పెరిగే దిబ్బ చూసుకోండి. నోరు తెరిచినవి, తాకినా ముడుచుకోనివి, వాసన వేసేవి ఎక్కువగా కనిపిస్తే అక్కడ ఏరడం ఆపండి. ఉప్పదనం తిరిగి వచ్చాక ఇసుకలో గింజల్లాంటి పిల్లలు కనబడతాయి. వాటిని తొక్కి పాడుచేయకండి, జల్లెడలో పడితే అక్కడే వదలండి.

పిల్లను వదిలితే ఏమొస్తుందో లెక్క చూడండి. గుల్ల పొడవు ఎంత పెరిగితే బరువు దాదాపు దాని ఘనం చొప్పున పెరుగుతుంది. రెండు సెంటీమీటర్ల గుల్ల మూడు సెంటీమీటర్లయితే బరువు మూడింతలు దాటుతుంది. అంటే రెండు సెంటీమీటర్లవి వంద ఎంత తూగుతాయో, మూడు సెంటీమీటర్లవి ముప్పై అంతే తూగుతాయి. పైగా ఆ గడువులో అది గుడ్లు కూడా పెడుతుంది. ఎదుగుదల చురుగ్గా ఉండేది చిన్న వయసులోనే. అప్పుడే ఏరేయడం నారు పీకి కూర వండుకోవడమే.

దిబ్బ ఎలా ఉందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు వాడే పద్ధతి మీరూ వాడవచ్చు. అర మీటరు చదరపు కర్ర చట్రం ఇసుక మీద పెట్టి, జానెడు లోతు తవ్వి జల్లెడ పట్టండి. దొరికిన ప్రతి గుల్లనూ స్కేలుతో కొలిచి, ఏ పొడవువి ఎన్నో నోటుబుక్కులో రాయండి. నెలనెలా అదే చోట చేస్తే, ఎక్కువగా ఉన్న సైజు పెద్ద పొడవుల వైపు జరుగుతూ పోవడం కనిపిస్తుంది. అదే మీ దిబ్బ ఎదుగుదల. చిన్న సైజులు ఏ నెలలోనూ కనబడకపోతే కొత్త తరం దిగలేదని అర్థం. అప్పుడు ఏరుడు తగ్గించాల్సిందే.

కేరళలో కొల్లం దగ్గర అష్టముడి సరస్సు గుల్లలవాళ్లు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట మానుకుంటారు, పిల్లలు జారిపోయేలా వల కన్నుల సైజు పాటిస్తారు. నిలకడైన వేటకు మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ఇచ్చే ధ్రువీకరణను 2014లో పొందిన తొలి భారతీయ వేట అదే. వాళ్ల నెలలు మనకు పనికిరావు, నోటుబుక్కు చెప్పే నెలలే మనవి. కట్టుబాటు మాత్రం అక్కడిలాగే ఊరంతా కలిసి పెట్టుకోవాలి, ఒక్కరు మానితే లాభం లేదు.

కాళంగి ఒడ్డు రైతులకు ఒక మాట: వాన వచ్చేలా ఉంటే పురుగుమందు కొట్టకండి. అది చివరికి చేరేది సరస్సుకే. సరస్సులో మన వైపు భాగం పక్షుల అభయారణ్యం కూడా, కాబట్టి ఎక్కడ ఏరవచ్చో అటవీ శాఖ వాళ్లను అడిగి తెలుసుకోండి.

తినేవాళ్లకు మరీ ముఖ్యమైనది. గుల్ల నీటిని వడగట్టి బతుకుతుంది, నీటిలోని విషం దాని మాంసంలో చేరుతుంది. 1981లో తమిళనాడులోని వాయలూరులో ఈ మెరెట్రిక్స్ గుల్లలు తిని ముగ్గురు చనిపోయారు, ఎంతోమంది ఆసుపత్రి పాలయ్యారు. నీటిలోని సూక్ష్మ నాచు నుంచి గుల్లలో చేరే ఆ విషం ఉడికించినా పోదు. నీరు ఎర్రగానో, గోధుమరంగుగానో మారితే ఆ చోటి గుల్లలు ఏరకండి, అమ్మకండి. తిన్నాక పెదవులు, నాలుక తిమ్మిరెక్కితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.